పచ్చజంటకు తెల్లపిల్ల

మా పెద్దాపురంలో లవ్ బర్డ్స్ పెంచేవాళ్ళని ఎవర్నైనా కదిపి రంగుల సంగతి అడగండి. "దానికేముందండి, నీలందీ పసుపుదీ జత కడితే పచ్చపిల్లలు. రెండు రంగులూ కలుస్తాయి కదండి" అంటారు. పట్టు నేసే ఊళ్ళో ఈ మాట కాదనడం కష్టం. నీలిమందు బానలో మునిగిన పోగుకి పసుపు ఎక్కిస్తే పచ్చ తేలుతుందని ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పైగా నీలం మగదాన్నీ పసుపు ఆడదాన్నీ ఒక కేజ్‌లో పెట్టి, కుండ కట్టి, రెండు నెలలు ఓపిక పడితే, కుండలోంచి దిగే పిల్లలన్నీ నిజంగానే పచ్చగా ఉంటాయి. కళ్ళెదుట కనబడుతుంటే ఇంకా రుజువేమిటి?

ఆ పచ్చపిల్లలతోనే నా తగువు. అవి పచ్చగా పుట్టడం నిజం. రంగులు కలిసి పచ్చగా పుట్టాయన్నది మాత్రం శుద్ధ తప్పు. ఆ తప్పు మీద నడిచే బేరాల్లో మనవాళ్ళు డబ్బూ పోగొట్టుకుంటున్నారు, మంచి పక్షుల్నీ పోగొట్టుకుంటున్నారు, అప్పుడప్పుడు నిజం చెప్పిన అమ్మకందారుణ్ణి దొంగ అని తిట్టి వస్తున్నారు. ఆఖరిది నేను స్వయంగా చేశాను. ఆ సంగతి తర్వాత.

ముందు పేర్లు. మనం లవ్ బర్డ్స్ అనేవి అసలు లవ్ బర్డ్స్ కావు. అవి బడ్జీలు, ఆస్ట్రేలియా చిలుకలు. 1840లో జాన్ గౌల్డ్ వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకి పట్టుకెళ్ళాడు. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటిని మనవాళ్ళు ఉత్తినే 'ఆఫ్రికన్' అంటారు. నేనిక్కడ ఎక్కువగా మాట్లాడేది బడ్జీల గురించి. పసుపుది అంటే ఎర్రకన్ను పసుపుది, లుటినో. నల్లకన్ను పసుపుదాని కథ వేరు, దాన్ని ఇందులోకి లాగొద్దు.

ఇప్పుడు అదే జతని తిరగేయండి. ఈసారి పసుపు మగది, నీలం ఆడది. అద్దకం బానలో నీలం ముందు పోసినా పసుపు ముందు పోసినా తేలేది ఒకటే పచ్చ. కాబట్టి కలగలుపు వాదం ప్రకారం ఈ కుండలోనూ అన్నీ పచ్చపిల్లలే రావాలి. రావు. మగపిల్లలు పచ్చగా వస్తాయి. ఆడపిల్లలన్నీ పసుపుగా వస్తాయి. అన్నీ అంటే అన్నీ.

దీనికి ఈకలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన మూడో నాలుగో రోజున, తల్లి గింజలకి దిగిన సమయం చూసి కుండలో చెయ్యి పెట్టండి. పిల్ల చిటికెన వేలంత ఉంటుంది, ఒంటి మీద ఈక ఉండదు, మెడ నిలవదు. కళ్ళింకా తెరవదు. వెలుతురుకి తిప్పి రెప్ప మీద చూడండి. రెప్ప వెనక నల్లగా మినపగింజలా కనబడితే అది పచ్చదో నీలందో అవుతుంది. పల్చని చర్మం కింద లేత ఎరుపుగా, సగం పండిన దానిమ్మ గింజలా కనబడితే అది పసుపుదో తెల్లదో. చూసి వెంటనే పెట్టేయండి, చల్లారిపోతుంది. తిరగేసిన జత కుండలో ఆ ఎర్రకళ్ళ పిల్లలన్నింటికీ కాలికి దారం కట్టి, పెద్దయ్యాక ముక్కు మీద కండ చూసి ఆడో మగో తేల్చుకోండి. ఒక్క మగది దొరికితే ఈ వ్యాసం చించి మీ కేజ్‌లో కింద పరుచుకోండి.

కలగలుపు వాదాన్ని నమ్మేవాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేననడం లేదు. డార్విన్ కాలంలో మహామహులు నమ్మిందీ అదే. 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు డార్విన్‌ని దీంతోనే ఇరకాటంలో పెట్టాడు: తల్లీతండ్రీ గుణాలు కలిసిపోతే, కొత్తగా పుట్టిన ఏ గుణమైనా నాలుగు తరాల్లో పల్చబడి మాయమైపోదా అని. దానికి జవాబు అప్పటికి ఏడాది ముందే అచ్చయింది. మెండెల్ అనే సన్యాసి బఠాణీ మొక్కల మీద 1866లో రాసిన వ్యాసం అది. 1900 దాకా దాన్ని చదివినవాళ్ళు తక్కువ, పట్టించుకున్నవాళ్ళు అంతకన్నా తక్కువ. బడ్జీల విషయంలో ఆ లెక్కని 1920ల్లో జర్మనీలోని బ్రెమెన్‌లో హాన్స్ డుంకర్ అనే బడి మేష్టారు తేల్చాడు, క్రెమర్ అనే ఆసామి పక్షిశాలలో జతలు కట్టించి. ఆ మేష్టారే తర్వాత మనుషులకీ అదే లెక్క కట్టబోయి నాజీల జాతిశుద్ధి ప్రచారంలో దిగాడు. పిట్టల దగ్గర అంత నిదానంగా లెక్క చూసినవాడు మనుషుల దగ్గరకొచ్చేసరికి లెక్కే మరిచాడు.

సరే, మరి ఆ పచ్చపిల్లలు పచ్చగా ఎందుకున్నాయి? చిలుక ఈకలో నీలం రంగు పదార్థమే ఉండదు. ఈక లోపలి సన్నటి అల్లిక మీద వెలుతురు పడి చెదిరే తీరు వల్ల నీలం కనబడుతుంది. వెనక మెలనిన్ నల్లపరదాలా ఉంటేనే అది కంటికి ఆనుతుంది. దాని మీద పసుపు పదార్థం ఉంటే పచ్చ. అంటే ఈక లోపల నీలం, పసుపు కలవడం నిజమే! అద్దకం వాదానికి నేను ఇచ్చే వాటా అంతవరకే. నీలం పిట్టలో లేనిది పసుపు పదార్థం. పసుపు పదార్థాన్ని తయారుచేసే ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమే దానికి కారణమని 2017లో 'సెల్' పత్రికలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. లుటినోలో లేనిది మెలనిన్. నీలందాని దగ్గర మెలనిన్ ఉంది, పసుపుదాని దగ్గర పసుపు ఉంది. ఒకదాని లోటు రెండోది పూడ్చింది. పిల్ల తిరిగి అడవిలో తాతల రంగుకి చేరింది. దాన్ని మనం కలగలుపు అనుకున్నాం.

పోలిక కావాలంటే అద్దకం బాన దగ్గరకి కాదు, మగ్గం దగ్గరకి వెళ్ళాలి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసిన పట్టు ఎండలో ఒకలా, నీడలో ఒకలా మెరుస్తుంది. దూరం నుంచి మూడో రంగేదో ఉన్నట్టు ఉంటుంది. అంచు దగ్గర పోగు లాగి చూడండి, ఏ పోగు రంగు ఆ పోగుదే. పిల్లకి తల్లి నుంచి ఒక పోగు, తండ్రి నుంచి ఒక పోగు వస్తాయి. పసుపు తయారుచేసే పోగు ఒక్కటి బాగున్నా పిల్ల పచ్చగా ఉంటుంది, పాడైన రెండో పోగు చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. దాన్నే పెంచేవాళ్ళు స్ప్లిట్ అంటారు. రెండు పోగులూ పాడైనవే వస్తే నీలం. 'స్ప్లిట్ అనేది రేటు పెంచడానికి అమ్మేవాళ్ళు కనిపెట్టిన మాట' అని మా బజార్లో ఒక నానుడి లాంటిదుంది. ఆ మాటని అబద్ధాలకి వాడేవాళ్ళున్నారు, ఒప్పుకుంటాను. ఆ అబద్ధం ఎక్కడుందో పట్టుకోవాలంటే నిజం స్ప్లిట్ ఏమిటో తెలిసి ఉండాలి.

ఇక్కడే నా తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట కాకినాడలో ఒక దుకాణంలో పచ్చజంటని కొన్నాను. రెండో ఈతలో ఒక తెల్లపిల్ల దిగింది. పచ్చజంటకి తెల్లపిల్లా? ఊళ్ళో తీర్పు ఎప్పుడో తయారై ఉంది: ఆడది ఇంకోదానితో కలిసింది, లేకపోతే గుడ్డు మారింది, లేకపోతే గింజల్లో మందేదో కలిసింది. నా కేజ్‌లో ఇంకో మగది లేదు. అంచేత ఇక మిగిలింది అమ్మినవాడే. సరాసరి వెళ్ళి "ముందే ఎక్కించిన ఆడదాన్ని అంటగట్టావు" అని నలుగురి ముందు అరిచాను. ఆయన ఒకటే అన్నాడు: "రెండింటి అమ్మలూ పసుపువండి, నాన్నలు నీలం. చెప్పాను కదండి మీకు." చెప్పాడు, నిజమే. నేను వినలేదు. నాకు కనబడింది పచ్చ, కొన్నది పచ్చ.

ఆయన చెప్పినదాంతో లెక్క కట్టి చూడండి. నీలం మగదానికీ పసుపు ఆడదానికీ పుట్టిన పచ్చ మగది. అలాంటిదే వేరే జంటకి పుట్టిన పచ్చ ఆడది. ఇద్దరి దగ్గరా నీలం పోగు దాగి ఉంది. మగదాని దగ్గర అదనంగా లుటినో పోగు దాగి ఉంది. వాటి పిల్లల్ని పదహారుగా ఊహించుకుంటే తొమ్మిది పచ్చ, మూడు నీలం, మూడు పసుపు, ఒకటి తెలుపు. నీలం, పసుపు రెండు లోట్లూ ఒకే పిల్లలో పడితే తెలుపు: పసుపు పదార్థమూ లేదు, మెలనినూ లేదు. తాతముత్తాతల రంగులు కలిసి పోయి ఉంటే ఇలా విడివిడిగా మళ్ళీ లేచి రావు. పచ్చరంగు నీళ్ళలోంచి నీలాన్నీ పసుపునీ వేరుచేసి రెండు గిన్నెల్లో పోసిన అద్దకంవాణ్ణి నేనైతే చూడలేదు. చిన్నప్పుడు మరిడమ్మ తల్లి జాతరలో గులాబీ రంగు, ఊదా రంగు కోడిపిల్లలు అమ్మేవారు. కలగలుపు వాదం పూర్తిగా పనిచేసే పిట్టలు నాకు తెలిసి అవే, అవి కూడా మొదటి వాన పడేదాకా.

కలగలుపు తర్వాత రెండో నమ్మకం తండ్రి మీద. ఇది కోళ్ళ దొడ్లోంచి వచ్చింది. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకని బట్టి పేర్లు పెట్టి, రంగుని బట్టి వారం, దిక్కు చూసే కుక్కుట శాస్త్రం మనది. అందులోంచి 'మేల్ మంచిదైతే చాలు, ఫీమేల్ ఏదైనా ఒకటే' అన్న మాట చిలుకల కేజ్‌లోకి కూడా వచ్చి కూచుంది. తండ్రి రంగు కొడుక్కి వస్తుందని లెక్క. పిట్టల్లో ఎర్రకన్ను దగ్గర ఇది సరిగ్గా తలకిందులు.

మనుషుల్లో మగవాడికి ఎక్స్, వై అని రెండు రకాల క్రోమోజోములు. పిట్టల్లో రెండు రకాలున్నది ఆడదానికి. మగదానికి రెండూ జెడ్‌లే, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. లుటినో పోగు జెడ్ మీద ఉంటుంది. ఆడపిల్లకి వచ్చే ఒకే ఒక్క జెడ్ తండ్రిది. కాబట్టి తండ్రి లుటినో అయితే ఆడపిల్లలన్నీ ఎర్రకన్నువే. తల్లి లుటినో అయితే ఆ పోగు కొడుకుల్లోకి వెళ్ళి దాక్కుంటుంది, కూతుళ్ళకి అసలు అందదు. తండ్రి రంగు కూతురి మీద కనబడుతుంది, తల్లి రంగు కొడుకులో దాగుతుంది. కాకటీల్ చిలుకల్లో లుటినో, పెర్ల్ రంగులు కూడా ఇదే దారి. 'పాడిని చూసి బర్రెని, తల్లిని చూసి పిల్లని' అన్న సామెత బర్రెకి ఎంత సరిపోయినా, ఎర్రకన్ను దగ్గర మాత్రం తండ్రిని చూడాలి.

ఈ జెడ్, డబ్ల్యూల గొడవ మనకెందుకు, దొరల చదువు అనేవాళ్ళకి ఒక సంగతి. ఈ శాస్త్రంలో అంతటి పెద్దమనిషి ఒకాయన మనకి ఇరవై కిలోమీటర్ల దూరానికి వచ్చాడు, అదీ చనిపోయాక. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని విద్యార్థులు కోసి చదువుకోవడానికి ఇవ్వమని ముందే రాశాడు, అది చేరింది కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకి. కోళ్ళలో రెండు గుణాలు కలిసి నడవడం గురించి ఆయన 1921లోనే 'సైన్స్' పత్రికలో రాశాడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణ మన పిఠాపురంవాడే.

ఆ ద్రోణంరాజుగారు 1960లో ఒక వ్యాసం అచ్చు వేశారు. మగవాళ్ళ చెవుల మీద గుబురుగా వెంట్రుకలు పెరగడం గురించి. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి, కూతుళ్ళ జోలికి పోకుండా వస్తోంది కాబట్టి ఆ గుణం వై క్రోమోజోము మీద ఉందన్నారు. వంశవృక్షాలు గీసి మరీ చూపించారు. చాలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2004లో డి.ఎన్.ఏ పరీక్ష చేసి చూసినవాళ్ళు, దక్షిణ భారతీయుల్లో ఈ గుణానికి వైతో ముడి లేదని తేల్చారు. ఈ కథ చెప్పి కొందరు 'చూశారా, పెద్దవాళ్ళ లెక్కలే తప్పాయి' అంటారు. నాకు అందులో కనబడేది వేరు. వంశవృక్షం రాసి పెట్టారు కాబట్టే నలభై ఏళ్ళ తర్వాత తప్పని తేల్చగలిగారు. మా బజారు వాదాన్ని తప్పని తేల్చడానికి ఒక్క కాగితం లేదు. "నలభై ఏళ్ళుగా పెంచుతున్నామండి" అంటారు. ఆ నలభై ఏళ్ళలో ఏ పిల్ల ఏ జంటదో ఒక్కదానికీ రాత లేదు.

ఇప్పుడు అబద్ధపు స్ప్లిట్ల దగ్గరకి వద్దాం. 'పచ్చ ఫీమేల్, స్ప్లిట్ లుటినో' అని బడ్జీని అమ్మజూపితే, చేతులు జోడించి వచ్చేయండి. అలాంటి పిట్ట ఉండదు. ఆడదానికి జెడ్ ఒక్కటే. దాని మీద లుటినో ఉంటే కన్ను ఎర్రగా ఉంటుంది, లేకపోతే లేదు. దాచడానికి రెండో పోగే లేదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే మా ఊళ్ళో ఎన్ని పచ్చ ఆడపిట్టలు పచ్చధరకే అమ్ముడయ్యేవో. అయితే ఇదే మాట పట్టుకుని ఆఫ్రికన్ల దగ్గర తగువు పెట్టుకోకండి. కంటి చుట్టూ తెల్లగాజు ఉండే ఫిషర్ రకంలో ఎర్రకన్ను గుణం జెడ్ మీద లేదు. అక్కడ స్ప్లిట్ ఆడది ఉంటుంది. ఆఫ్రికన్లలోనే పీచ్‌ఫేస్ రకంలో మళ్ళీ బడ్జీ పద్ధతే. చూపుకి ఒకే పసుపు, ఒకే ఎర్రకన్ను, వచ్చే దారి వేరు. కంటిని నమ్మొద్దని నేను మొత్తుకునేది ఇందుకే. అన్నట్టు, వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందమైన సైటీస్ జాబితాలో ఫిషర్ ఉంది; 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బడ్జీ, కాకటీల్, పీచ్‌ఫేస్ ఆ జాబితాలో లేవు. పసుపు రామచిలుక దొరికిందని సంబరపడేవాళ్ళకి కూడా ఒక మాట: ఏ రంగులో ఉన్నా అది రామచిలుకే. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పెంచడం నేరం.

కలగలుపు వాదుల దగ్గర ఒక గట్టి ఆయుధం ఉంది, దాన్ని దాటేస్తే నా వాదన దొంగవాదన అవుతుంది. లేతపచ్చ పిట్టనీ ఆలివ్ పిట్టనీ కట్టండి. పిల్లలన్నీ రెండింటికీ మధ్య ముదురుపచ్చలో వస్తాయి. ఇది కలగలుపు కాక మరేమిటి? చూపుకి కలగలుపే. డార్క్ ఫ్యాక్టర్ అనే పోగు ఒకటి పడితే కొంచెం ముదురు, రెండు పడితే ఆలివ్. దాక్కోవడం దీనికి చేతకాదు. తేలేది తర్వాతి తరంలో. ఆ ముదురుపచ్చ పిల్లల్ని ముదురుపచ్చవాటితోనే కట్టండి. రంగు నిజంగా కలిసిపోయి ఉంటే ఇక ఎప్పటికీ ముదురుపచ్చే రావాలి. పాతిక వంతు లేతపచ్చ, పాతిక వంతు ఆలివ్, మిగతా సగమే ముదురుపచ్చ. మళ్ళీ విడిపోయాయి. వాళ్ళ గట్టి ఆయుధం మనవల దగ్గర విరిగింది.

లెక్క నమ్మి మోసపోయామనే ఇంకో వర్గం ఉంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ నాలుగింట ఒకటి నీలం అంది, నాలుగు గుడ్లు పొదిగితే ఒక్క నీలం కూడా రాలేదు, అంతా బూటకం అని. నాలుగింట ఒకటి అంటే రేషన్ కార్డు కోటా కాదు. ప్రతి గుడ్డుకీ బొమ్మాబొరుసూ మళ్ళీ మొదటి నుంచే. స్ప్లిట్ జంటకి నాలుగు పిల్లలు పుడితే వాటిలో ఒక్క నీలం కూడా లేకపోయే అవకాశం నూటికి 32 దాకా ఉంది. ఆరు పుట్టినా 18. ఒక పచ్చది నీలం స్ప్లిట్టో కాదో తెలియాలంటే దాన్ని నీలందానితో కట్టండి. స్ప్లిట్ అయితే సగం పిల్లలు నీలం రావాలి. వరసగా ఏడు పచ్చపిల్లలు వచ్చాయా, స్ప్లిట్ అయితే అలా జరిగే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. ఒక్క నీలం పిల్ల వచ్చిందా, ఇక అనుమానమే లేదు. కాలిక్యులేటర్‌కి తల్లీతండ్రుల సంగతి తప్పుగా చెబితే అది తప్పుగానే చెబుతుంది, పాపం దానికి మన కేజ్ కనబడదు కదా.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది తెల్లవాటి మీద వేసిన ముద్ర. 'తెల్లవి నీరసం జాతండి, నిలవవు' అంటారు. ఒక తెల్లది పుట్టగానే దాన్ని అన్నతోనో తండ్రితోనో కట్టేస్తారు, వాటి పిల్లల్ని మళ్ళీ వాటిలో వాటితోనే. నాలుగో తరానికి గుడ్లు మురిగిపోతాయి, పొదిగిన పిల్లలు చిక్కి పోతాయి. రంగు చేసిన పాపం కాదు అది. దాక్కున్న చెడ్డపోగులన్నీ ఒకేచోట జంటపడ్డ ఫలితం. మేనరికాల సంగతి మనకి ఒకరు చెప్పాలా? ఆంధ్రలో దగ్గర సంబంధాల పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని 1963లో లెక్కలు రాసినవాళ్ళలో ఆ పిఠాపురం ద్రోణంరాజుగారే ఒకరు. తెల్లదాన్ని సంబంధం లేని గట్టి పచ్చదానితో కట్టి, పచ్చపిల్లలు వచ్చాయని విసుక్కోకుండా ఇంకో తరం ఆగితే గట్టి తెల్లవి వస్తాయి. కానీ రంగు 'కలిసిపోయింది' అనుకునేవాడికి ఆ పచ్చపిల్లలు చెడిపోయిన సరుకు. సంతలో వచ్చిన ధరకి తోసేస్తాడు.

మా వీధి బాబాయిగారు ఇదంతా విని "నీ లెక్క పుస్తకంలో బానే ఉందిరా, కుండలో చూపించు" అన్నారు. నాలుగో నంబరు కుండలో పచ్చజంట ఉంది. ఇద్దరి అమ్మలూ పసుపువి, నాన్నలు నీలంవి, వేరువేరు ఇళ్ళ నుంచి తెచ్చినవి. ఐదు గుడ్లు. ఆఖరిది మొన్న మంగళవారం పెట్టింది. ఏ గుడ్డులో ఏముందో నేను చెప్పలేను, ఐదూ పచ్చవే దిగినా దిగొచ్చు. కానీ ఎర్రకన్నుది ఒక్కటి వచ్చినా అది ఆడదే అవుతుందని కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చాను. పందెం పది కిలోల కొర్రలు. గుడ్డు పగలడానికి పద్దెనిమిది రోజులు, ముక్కు కండ తేలడానికి ఇంకో నాలుగు నెలలు. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ కుండలోకి ఒకసారి తొంగి చూశారు.